సర్వర్ పడిపోయిన ప్రతిసారీ రీస్టార్ట్ కొట్టేస్తే ఎలా?

ఎడిటర్ గారికి నమస్కారమండి,

ఏ ఆఫీసుకెళ్ళినా "సర్వర్ డౌన్ అండి, రేపు రండి" అనడం, మనం వెనక్కి తిరిగి రావడం మామూలైపోయింది. ఎందుకు డౌన్ అయిందో మాత్రం ఎవరూ చెప్పరు. మా దగ్గర జరిగింది పదిమందికీ పనికొస్తుందని రాస్తున్నాను.

నేను అమలాపురం దగ్గర ఒక కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటాను. ఇరవై పాత సిస్టమ్‌లు, అన్నీ ఎక్స్‌ఆర్‌డీపీ అనే రిమోట్ డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్‌తో ఒకే లినక్స్ సర్వర్‌కి కనెక్ట్ అవుతాయి, పిల్లల ముందున్నది తెర మాత్రమే, పనంతా సర్వర్‌లోనే. పోయిన సెమిస్టర్‌లో మధ్యాహ్నం అయ్యేసరికి తెరలు ఒక్కోటీ బిగుసుకుపోయి నల్లగా అయిపోయేవి. రికార్డు టైప్ చేస్తున్న ఒకమ్మాయికి గంటన్నర పని పోయింది, కళ్ళనీళ్ళు పెట్టుకుంది పాపం.

సర్వీసు కుర్రాడు వచ్చినప్పుడల్లా రీస్టార్ట్ కొట్టి వెళ్ళేవాడు, తర్వాత ర్యామ్, అంటే సర్వర్ పని చేసేటప్పుడు వాడుకునే మెమరీ, పోయిందన్నాడు. 8 జీబీ తీసి 16 వేయించాం. రోజూ పడేది కాస్తా మూడ్రోజులకోసారి పడటం మొదలైంది, అక్కడే నాకు అనుమానం వచ్చింది. ర్యామ్ బాగుందో లేదో పరీక్షించే మెమ్‌టెస్ట్ అనే ప్రోగ్రామ్‌ని రాత్రంతా పెట్టాను, ఒక్క ఎర్రర్ కూడా రాలేదు.

అందుకని తర్వాతిసారి పడ్డప్పుడు ఎవర్నీ రీస్టార్ట్ చెయ్యనివ్వలేదు. సిస్టమ్ రాసుకున్న సందేశాలు చూపించే డీమెసేజ్ (dmesg) కమాండ్ కొడితే "అవుట్ ఆఫ్ మెమరీ, కిల్డ్ ప్రాసెస్" అని వరసగా లైన్లు. అంటే ఇవ్వడానికి మెమరీ మిగలక లినక్స్‌కి గుండెకాయలాంటి కెర్నెలే ప్రోగ్రామ్‌లని చంపేస్తోంది. అక్కడ సెగ్‌ఫాల్ట్ అని ఉంటే దారి వేరు, అడిగిన మెమరీ దొరికిందో లేదో చూసుకోకుండా అందులో రాయబోయి ప్రోగ్రామే కూలిపోయి ఉండొచ్చు, అది సాఫ్ట్‌వేర్ రాసినవాళ్ళు దిద్దాలి. మాది అది కాదు. ల్యాబ్‌లో ఉన్నది ఇరవై మంది, సర్వర్‌లో నడుస్తున్నవి యాభై మూడు సెషన్లు, అంటే లాగిన్ అయి తెరిచిన డెస్క్‌టాప్‌లు! బెల్ కొట్టగానే పిల్లలు లాగౌట్ అవకుండా పైన క్రాస్ గుర్తు నొక్కి వెళ్ళిపోతున్నారు, తెర మూసుకుంటుంది గానీ సెషన్ చావదు, అందులో తెరిచిన బ్రౌజర్ అలాగే మెమరీ పట్టుకుని కూర్చుంటుంది. 1920 బై 1080 తెర బొమ్మకి అయ్యేది సుమారు 8 ఎంబీయే, అసలు తినేసేది ఆ బ్రౌజర్లే. చేను తడిశాక తూము మూయకుండా ఇంటికి పోతే శివారు చేలకి నీళ్ళెక్కడివి, అచ్చం అంతే.

ఎక్స్‌ఆర్‌డీపీలో సెషన్లని చూసుకునే సెస్‌మ్యాన్ అనే భాగం సెట్టింగుల ఫైల్‌లో కిల్ డిస్కనెక్టెడ్ ట్రూ అని, డిస్కనెక్టెడ్ టైమ్ లిమిట్ 600 (సెకన్లు) అని మార్చాం, అంటే పది నిమిషాల్లో మళ్ళీ రాకపోతే సెషన్ ముగిసిపోతుంది. కరెంటు పోయి సిస్టమ్‌లు ఆగిపోతే ఆ పది నిమిషాలు చాలవేమో అని నాకు భయమే, అందుకే మధ్యమధ్యలో సేవ్ చేసుకోమని పిల్లలకి ప్రతి పీరియడ్‌లో చెబుతున్నాను. అప్పట్నుంచి రెండు నెలలుగా ఒక్కసారీ పడలేదు.

నా విన్నపం ఒక్కటేనండి. జనం డబ్బుతో సర్వర్లు కొనేచోట, మెయింటెనెన్స్ ఒప్పందంలో ఒక మాట చేర్చాలి: రీస్టార్ట్ నొక్కేముందు లాగ్ (సర్వర్‌లో జరిగినవన్నీ నమోదయ్యే ఫైల్) కాపీ చేసి పెట్టాలి, ఎందుకు పడిందో తెలుగులో ఒక పేజీ రాసివ్వాలి. ర్యామ్ కొటేషన్ ఆ పేజీ చూశాకే తీసుకోవాలి.

ఇట్లు,
ఒక ల్యాబ్ ఇన్‌ఛార్జి, కోనసీమ