మా డీటీపీ సెంటర్ ఎందుకు మూసి ఉందంటే

షట్టర్ సగం దించి ఉందేమని బాలాజీ కాలనీలో కనబడినవాళ్లంతా అడుగుతున్నారు. నలుగురూ నాలుగు రకాలుగా అనుకునేకంటే నేనే చెబుతాను. మా కంప్యూటర్లలోకి ట్రోజన్ అనే దొంగ ప్రోగ్రామ్ దూరింది.

యూనివర్సిటీ పిల్లల పెన్‌డ్రైవ్‌ల వల్లే అంటున్నారు. పాపం, వాళ్లకేం సంబంధం లేదు. ట్రోజన్ తనంతట తాను పాకేది కాదు. పనికొచ్చే ప్రోగ్రామ్ వేషంలో వస్తుంది, ఎవరో ఒకరు దాన్ని నడపాలి. మాకు సిస్టమ్స్ అసెంబుల్ చేసే ఆయన ఒరిజినల్ విండోస్ అని డబ్బు మొత్తం తీసుకుని, క్రాక్ కాపీ, అంటే లైసెన్స్ లేని దొంగ కాపీ ఎక్కించాడు. బిల్లు ఇప్పటికీ నా దగ్గరుంది. క్రాక్‌తో వచ్చిన యాక్టివేటర్ (దొంగ కాపీని ఒరిజినల్‌లా నడిపించే ప్రోగ్రామ్) నడవాలని యాంటీవైరస్ ఆపేశాడు. పైగా ఆ ఫోల్డర్‌ను స్కాన్ చేయకుండా సెట్టింగ్ పెట్టి వెళ్లాడు. కుక్కను కట్టేసి దొంగకు తలుపు తీసినట్టు! లోపల చేరిన ట్రోజన్ బయటివాళ్లకు దొడ్డిదారి తెరుస్తుంది, నెట్ నుంచి ఇంకొన్నిటిని దించుకుంటుంది, కొట్టే ప్రతి కీ నోట్ చేసుకోగలదు. విండోస్‌తో వచ్చే యాంటీవైరస్ డిఫెండర్‌ను ఆన్ చేసిన ప్రతిసారీ దానంతటదే ఆఫ్ అవుతుంటే నాకు అనుమానం తగిలింది.

అడిగితే ఆయన, "స్కాన్ చేస్తే పోతుంది సామీ, ఫార్మాట్ ఎందుకు?" అన్నాడు. రాత్రంతా ఇదే టెన్షన్. ఫార్మాట్ అంటే అంతా తుడిచేసి మళ్లీ మొదటి నుంచి ఎక్కించడం, ముహూర్తాల సీజన్‌లో షాపు మూయాలి. అలాగని స్కాన్ చేసి ఊరుకుంటే, దొడ్డిదారిన ఇంకేమేం వచ్చాయో, అన్నీ పోయాయో లేదో ఎవరు పూచీ? చివరికి అన్నీ ఫార్మాట్ కొట్టించాను. ఒప్పుకున్న పెళ్లికార్డుల ఆర్డర్లు నా చేత్తోనే ఎదురు షాపుకు పంపాను. అది ఇంకా మింగుడు పడలేదు. మీ ఫోటోలు, పీడీఎఫ్‌లు యాంటీవైరస్‌తో స్కాన్ చేసి భద్రంగా ఉంచాం.

ఈమధ్య మా దగ్గర జీమెయిల్, నెట్‌బ్యాంకింగ్ తెరిచినవాళ్లు మీ ఫోన్‌లోంచే పాస్‌వర్డ్ మార్చండి. అన్ని డివైస్‌ల నుంచి లాగౌట్ కూడా కొట్టండి. బ్రౌజర్‌లోని కుకీలు (మీరు లాగిన్ అయి ఉన్నారని గుర్తుపెట్టుకునే చిన్న ఫైళ్లు) ఎత్తుకెళితే పాస్‌వర్డ్, ఓటీపీ లేకుండానే లోపలికి పోగలరు. డబ్బు పోయినట్టు కనబడితే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, తర్వాత నన్ను తిట్టండి.

సోమవారం నుంచి మామూలే. ఒరిజినల్ విండోస్ ఈసారి నేనే కొన్నాను. మీరు కూర్చునే సిస్టమ్స్‌లో అడ్మిన్ పాస్‌వర్డ్ లేకుండా ఏదీ ఇన్‌స్టాల్ కాదు, ఎంత తెలిసినవాళ్లయినా అడగొద్దు. జిరాక్స్ రేటు పెంచలేదు. ఆ సిస్టమ్స్ అసెంబుల్ చేసిన ఆయనేమో ఏడాది సర్వీస్ ఫ్రీ అంటూ ఫోన్లు చేస్తున్నాడు. నేను ఎత్తడం లేదు.