ఆదివారం ‘ఎముకలు సర్దే’ సిట్టింగులు ఎందుకు ఆపేశామంటే

మన పర్లాకిమిడి ఫిజియోథెరపీ క్లినిక్‌కి వచ్చే అందరికీ నమస్కారం. పాతపట్నం, కాశీనగరం, గుణుపూర్ వైపు నుంచి వచ్చేవాళ్ళు ఈ మధ్య ఫోన్ చేసి, “ఈ ఆదివారం ఎముకలు సర్దే ఆయన వస్తున్నారా అమ్మా?” అని అడుగుతున్నారు. రావడం లేదు. ఇక ముందు కూడా రారు. నడుము, తుంటి విసురుగా తిప్పి టక్‌మనిపించే ఆ సిట్టింగులు, అంటే కైరోప్రాక్టిక్, పూర్తిగా ఆపేశాం. కారణం చెప్పకుండా బోర్డు తీసేసి ఊరుకోవడం నాకు నచ్చలేదు. తప్పు నా వైపు ఉంది, కాబట్టి నేనే చెప్పాలి.

కిందటేడు ఫిబ్రవరిలో ఒక జవాను వచ్చాడు. మహేంద్రతనయ అవతల, పాతపట్నం దగ్గర పల్లె. పేరు రాయను; జరిగిన సంగతి రాయొచ్చని అతను ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను. లడాఖ్‌లో పోస్టింగు. లేహ్ దాదాపు 3,500 మీటర్ల ఎత్తున ఉంటుంది, చలికాలంలో చెరువులు గడ్డకడతాయి. ఆ గడ్డల మీద సైన్యం వాళ్ళు, సరిహద్దు కాపలా కాసే ఐటీబీపీ వాళ్ళు, ఊరి ఆడపిల్లలు, మగపిల్లలు అంతా ఐస్ హాకీ ఆడతారు. చేపల పెట్టెల్లో తప్ప ఐసు చూడని మన పిల్లాడు రెండు చలికాలాల్లో స్కేట్లు నేర్చుకుని యూనిట్ జట్టులో చోటు సంపాదించాడు. ఇది విన్నప్పుడు నాకు ఎంత గర్వంగా అనిపించిందో చెప్పలేను.

ఒకరోజు పక్‌ని, అంటే ఐస్ హాకీలో బంతి బదులు వాడే గుండ్రటి బిళ్ళని, అందుకోబోయి కాలు పక్కకి బాగా సాగదీశాడు. గజ్జలో చురుక్కుమంది. ఎక్స్‌రేలో ఎముక బాగానే ఉంది. విశ్రాంతి తీసుకోమన్నారు, సెలవు మీద ఇంటికొచ్చాడు.

వాళ్ళమ్మతో కలిసి మా దగ్గరికి వచ్చింది ఆదివారమే. వరండా నిండా జనం. నేను లోపల ఒక పక్షవాతం పెద్దాయన్ని నడిపిస్తున్నాను. జవాన్ని నేను చూడకుండానే సర్దే సిట్టింగుకి పంపేశాను. తుంటి, నడుము టక్‌మనిపించారు. అతను తేలిగ్గా లేచి నడిచాడు, వాళ్ళమ్మ నాకు చేతులెత్తి దండం పెట్టి వెళ్ళారు. గురువారం మళ్ళీ వచ్చాడు, ఈసారి మా గుమ్మం ముందు మూడు మెట్లు ఎక్కడానికి తమ్ముడి భుజం పట్టుకోవలసి వచ్చింది. నొప్పి తగ్గింది కదా అని మర్నాడు తెల్లారే రోడ్డు మీద పరుగు మొదలుపెట్టాడట. పరుగెత్తొద్దని చెప్పవలసిన మనిషిని నేనే. నేను అతని కాలు ముట్టుకుని కూడా చూడలేదు.

ఐసు మీద జరిగేది మన పరుగులాంటిది కాదు. మనం పరుగెత్తేటప్పుడు కాలు వెనక్కి తోస్తాం. స్కేటింగులో కాలు పక్కకి తోయాలి. తుంటి బయటి వైపు కండరాలు తొడని బయటికి విసురుతాయి. లోపలి తొడ కండరాలు, అంటే అడక్టర్లు, సాగుతూనే బిగబట్టి ఆ విసురుకి కళ్ళెం వేయాలి. అవి బలహీనంగా ఉంటే గజ్జ దగ్గర చిరుగుతాయి. అమెరికా, కెనడాల్లో ఐస్ హాకీ ఆడే నేషనల్ హాకీ లీగ్ ఆటగాళ్ళని పరిశీలించి 2001లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, లోపలి తొడ బలం బయటి వైపు బలంలో 80 శాతం కన్నా తక్కువ ఉన్న ఆటగాడికి ఈ గాయం అయ్యే అవకాశం 17 రెట్లు ఎక్కువని తేలింది. ఈ సంగతి నేను ఎప్పుడో చదివాను. చదివి కూడా ఆ రోజు కొలవలేదు.

గురువారం కొలిచాను. బీపీ మిషను పట్టీలో కొంచెం గాలి నింపి రెండు మోకాళ్ళ మధ్య పెట్టి నొక్కమంటే, ముల్లు కాస్త లేవగానే పళ్ళు బిగించాడు. రెండు వైపుల బలాన్నీ సరిగ్గా పోల్చడానికి డైనమోమీటర్ అనే బలం కొలిచే పరికరం కావాలి. మన దగ్గర లేదు. చీటీ పాడి కొన్నాను. అందులో చూస్తే లోపలి తొడ బలం బయటి దానిలో సగం కన్నా కాస్తే ఎక్కువ. ఎముక ఏదీ పక్కకి జరగలేదు. చిరిగిన కండరం అతుక్కోవాలి, తర్వాత బలపడాలి. టక్‌మనే చప్పుడు ఆ రెండిట్లో ఏదీ చేయలేదు.

మొదటి వారాల్లో మోకాళ్ళ మధ్య దిండు పెట్టుకుని నొప్పి లేనంత వరకే నొక్కడం. తర్వాత పక్కకి తిరిగి పడుకుని కింది కాలు ఎత్తడం. అదీ తేలికయ్యాక కోపెన్‌హాగన్ వ్యాయామం: పైకాలు బల్ల మీద ఆనించి, ఆ కాలి బలంతోనే ఒంటిని నేల నుంచి లేపడం. చూడ్డానికి సులువు, చేస్తే తెలుస్తుంది. మొదటిసారి మూడు చేసి ఆగిపోయాడు.

అసలు చిక్కు తర్వాత వచ్చింది. మన ఊళ్ళో జారే నేల ఎక్కడుంది? ఫర్నిచర్ షాపులో ఆరడుగుల సన్‌మైకా షీటు తెచ్చి ప్లైవుడ్‌కి అతికించి, రెండు చివర్లా చెక్క దిమ్మలు కొట్టించాం. ఊలు సాక్సు తొడుక్కుని ఈ దిమ్మ నుంచి ఆ దిమ్మకి పక్కకి జారాలి. విదేశాల్లో స్లైడ్ బోర్డు అని అమ్మేది ఇదే. మన వడ్రంగి మేస్త్రి ఒక్క పూటలో చేసిచ్చారు. మే నెల ఎండలో, ఫ్యాను కింద, చెమటలు కారుతూ ఐస్ హాకీ కోసం జారుతున్న ఆ పిల్లాణ్ణి చూడ్డానికి పక్క షాపుల వాళ్ళు కూడా వచ్చేవారు. మధ్యలో సెలవు అయిపోయి వెళ్ళిపోయాడు. బలం అప్పటికి ఇంకా పూర్తిగా రాలేదు. అక్కడి నుంచి వీడియో కాల్‌లో చూపిస్తూ బ్యారక్ బెంచీ మీద చేశాడు. అక్టోబరులో మళ్ళీ సెలవు మీద వచ్చినప్పుడు కొలిస్తే 80 శాతం దాటింది. ఈ జనవరిలో స్కేట్లు కట్టాడు. మొదటి పది రోజులు మ్యాచ్ వద్దన్నాను, మాట విన్నాడు.

ఇదంతా విని కైరోప్రాక్టిక్ మొత్తం మోసం అనుకోవద్దు, నేను అలా అనడం లేదు. 1895లో అమెరికాలోని డావెన్‌పోర్ట్‌లో డి.డి. పామర్ మొదలుపెట్టిన పద్ధతి అది. అక్కడ దానికి ఏళ్ళ తరబడి చదువు, లైసెన్సు ఉన్నాయి. 2017లో అక్కడి డాక్టర్ల సంఘం అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ ఇచ్చిన మార్గదర్శకాల్లో నడుం నొప్పికి మందులకన్నా ముందు చూడదగ్గ మార్గాల్లో వెన్ను సర్దడం కూడా ఉంది. నడుం పట్టేసినవాళ్ళకి కొన్నాళ్ళు హాయినిస్తుంది, మా దగ్గరా ఇచ్చింది. కానీ మన దేశంలో ఫిజియోథెరపిస్టులం 2021లో వచ్చిన చట్టం కిందికి వస్తాం. కైరోప్రాక్టిక్‌కి అలాంటి చట్టం విడిగా లేదు. ఆదివారాలు సర్దడానికి వచ్చే మనిషి ఎక్కడ, ఎంతకాలం నేర్చుకున్నారో నేను గట్టిగా అడగవలసింది. ఇంకో క్లినిక్‌లో చేస్తున్నారని విని సరిపెట్టుకున్నాను.

మెడ విషయం మాత్రం వేరు. మెడని ఒక్కసారి విసురుగా తిప్పినప్పుడు, అరుదుగానే అయినా, మెదడుకి వెళ్ళే రక్తనాళం లోపలి పొర చిరిగి పక్షవాతం రావచ్చు. రీల్స్‌లో చూసి మంగలి షాపులో మెడ విరిపించుకుంటున్న కుర్రాళ్ళు మన ఊళ్ళో ఎంతమందో. దయచేసి వద్దు. మెడ నొప్పితో పాటు తల తిరగడం, మాట తడబడటం, చెయ్యి తిమ్మిరెక్కడం ఉంటే మా దగ్గరికి కూడా రాకండి, నేరుగా పెద్దాసుపత్రికి వెళ్ళండి. స్కేటింగులో వెనక్కి పడి తల తగిలాక వాంతులైనా, మగతగా ఉన్నా అంతే.

పిల్లల్ని ఇన్‌లైన్ స్కేటింగుకి పంపే అమ్మానాన్నలకి ఒక మాట. చక్రాల మీదైనా తోపు పక్కకే, కాబట్టి గజ్జ గాయం వాళ్ళకీ వస్తుంది. చీలమండ పైన, కాలి రెండు ఎముకలు కలిసే చోట నొప్పి ఉంటే అది మామూలు బెణుకు కాకపోవచ్చు. మానడానికి మామూలు బెణుకు కన్నా చాలా ఎక్కువ కాలం పడుతుంది. నాటు కట్టు కట్టించి మూడో రోజే ఆడించకండి.

ఇక లెక్కలు. ఆదివారం సిట్టింగుల డబ్బుతో క్లినిక్ అద్దె దాదాపు వెళ్ళిపోయేది. ఇప్పుడది లేదు. ఇకపై కొత్తగా వచ్చిన ప్రతి ఒక్కరినీ ముందు నేనే ముప్పావుగంట చూస్తాను, బలం కొలుస్తాను. దానికి ఫీజు 200 నుంచి 300 చేస్తున్నాను. పెంచక తప్పలేదు. తర్వాతి సిట్టింగుల రేటు మారదు. సెలవు మీద వచ్చే జవాన్లకి మొదటిసారి ఫీజు లేదు. ఆదివారం ఉదయం ఎనిమిది నుంచి పన్నెండు దాకా తెరిచే ఉంటాం, స్లైడ్ బోర్డు అప్పుడు ఖాళీగా ఉంటుంది.

ఐదు సిట్టింగుల ప్యాకేజీకి కట్టి, ఇంకా మిగిలి ఉన్నవాళ్ళు వచ్చి డబ్బు తీసుకెళ్ళండి, లేదా ఫోన్‌పే నంబరు పంపండి. రసీదు పోయినా పర్వాలేదు, రిజిస్టర్లో మీ పేరు ఉంది. ఒడియాలో రాసిన కాగితం రేపు క్లినిక్ గోడకి అంటిస్తాం; పక్కింటి ఒడియా వాళ్ళు అడిగితే అదే చూపించండి.