గడువుకు ముందే ఖాళీ చేస్తే అడ్వాన్స్ మొత్తం పోవాల్సిందేనా?

సంపాదకులకు,

పదకొండు నెలల అగ్రిమెంటు రాసుకుని, ఆరో నెలలో "బదిలీ అయింది, ఖాళీ చేస్తాం" అంటే హైదరాబాద్‌లో చాలామంది ఓనర్లు చెప్పే జవాబు ఒకటే: అడ్వాన్స్ తిరిగి రాదు. అది తెలిసే అద్దెకున్నవాళ్లు చివరి రెండు నెలల అద్దె ఆపేసి "అడ్వాన్స్‌లో పట్టుకోండి" అంటున్నారు. రెండూ తప్పే. తగవంతా ఇక్కడే మొదలవుతోంది.

ముందు అగ్రిమెంటు మీద తేదీ చూడాలి. గడువు ఎప్పుడో దాటిపోయి, కొత్తది రాసుకోకుండా ఓనరు నెలనెలా అద్దె తీసుకుంటూ ఉంటే, ఆస్తి బదిలీ చట్టం 116, 106 సెక్షన్ల ప్రకారం నివాసపు ఇల్లు నెలవారీ అద్దె కిందకు వస్తుంది. వేరే ఒప్పందం లేకపోతే సంతకం చేసిన 15 రోజుల నోటీసు చాలు. ఆ 15 రోజులు నోటీసు అందిన రోజు నుంచి లెక్క. గడువు ఇంకా నడుస్తుంటే మాత్రం ఈ 15 రోజుల మాట పనికిరాదు. అగ్రిమెంటులో నోటీసు షరతు ఉంటే అదే వర్తిస్తుంది. ఏ షరతూ లేకపోతే ఓనరు ఒప్పుకుంటేనే ముందుగా బయటపడగలరు.

ఇక కోత సంగతి. లాకిన్ షరతులో (ఇన్ని నెలల్లోపు ఖాళీ చేయకూడదన్న షరతు) ఎంత జరిమానా రాసుకున్నా, కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ దాన్ని గరిష్ఠ హద్దుగానే చూస్తుంది. ఆ హద్దు లోపల సమంజసమైన పరిహారమే ఇప్పిస్తుంది. నష్టం తగ్గించుకునే వీలుండీ ఊరుకుంటే 73వ సెక్షన్ కింద అదీ లెక్కలోకి వస్తుంది. అందుకే ఖాళీ చేస్తామన్న కాగితం చేతికందిన రోజే ఓనరు టులెట్ బోర్డు పెట్టాలి. సామాన్లు ఉండగానే సాయంత్రాలు ఇల్లు చూపించడానికి అద్దెకున్నవాళ్లు ఒప్పుకోవాలి.

లెక్క ఇలా వేయాలి. అద్దె 18,000, అడ్వాన్స్ 36,000. రెండు నెలల నోటీసు ఇవ్వాల్సింది ఒక నెలే ఇచ్చి అక్టోబర్ 31న తాళాలు ఇచ్చారు. కొత్తవాళ్లు నవంబర్ 11న దిగారు. ఇల్లు ఖాళీగా ఉన్నది పది రోజులు, కోత 6,000. కట్టాల్సిన కరెంటు బిల్లు 1,400 తీస్తే 28,600 వెనక్కి ఇవ్వాలి. నోటీసు తగ్గిందని పూర్తి నెల అద్దె పట్టుకుని, అదే నవంబర్‌కు కొత్తవాళ్ల దగ్గర కూడా తీసుకోవడం న్యాయం కాదు.

తాళాలు వాచ్‌మన్‌కు ఇచ్చి వెళ్లిపోవద్దు. ఏ రోజు ఖాళీ చేశారో రుజువు ఉండదు, ఆ తర్వాతి రోజులకూ అద్దె అడుగుతారు. తాళాలిచ్చే రోజున ఇద్దరూ ఇంట్లో నిలబడి కరెంటు మీటరు రీడింగు ఫొటో తీసుకోవాలి. ఫ్యాన్లు, గీజరు, తాళంచెవులు లెక్క చూసి, "ఇల్లు స్వాధీనం చేశాం, తీసుకున్నాం" అని తేదీ వేసి ఇద్దరూ సంతకం పెట్టాలి. బోరు నీళ్లకు కుళాయిల మీద పేరుకున్న తెల్లటి పొర, వెలిసిన సున్నం వాడకంలో వచ్చే అరుగుదల. దానికి కోత పెట్టకూడదు. పగిలిన వాష్‌బేసిన్‌కు పెట్టొచ్చు. పెయింటింగుకు ఒక నెల అద్దె పట్టుకోవాలంటే అది అగ్రిమెంటులో ముందే రాసి ఉండాలి.

స్టాంపు పేపర్ల దుకాణాల్లో అమ్మే తయారు ఫారాల్లో లాకిన్ షరతు కనిపిస్తుంది కానీ, మధ్యలో కొత్తవాళ్లు దిగితే ఏం చేయాలో ఒక్క ముక్క ఉండదు. సంతకానికి ముందు ఈ వాక్యం చేర్పించండి: "గడువుకు ముందు ఖాళీ చేసిన పక్షంలో, నోటీసు తగ్గిన కాలంలో ఇల్లు వాస్తవంగా ఖాళీగా ఉన్న రోజులకే అద్దె మినహాయించి, మిగిలిన అడ్వాన్సును ఆ కాలం ముగిసిన లేదా కొత్త అద్దెదారు దిగిన 15 రోజుల్లో, ఏది ముందైతే అప్పుడు, తిరిగి చెల్లించవలెను."

- ఒక దస్తావేజు లేఖరి, హైదరాబాద్