ఎవరికెన్ని సెకన్లు?

సంపాదకులకు,

అమ్మాయిల పాప్ బృందం తొలి ఆల్బమ్ రాగానే అభిమానుల గొడవ నిడివితో మొదలవుతుంది. అది సబబే. 1996లో స్పైస్ గర్ల్స్ తొలి ఆల్బమ్‌లో 10 పాటలు, సుమారు 40 నిమిషాలు. 2016లో రంగంలోకి దిగిన బ్లాక్‌పింక్ తొలి పూర్తిస్థాయి కొరియన్ ఆల్బమ్ 2020లో వచ్చింది. అందులో 8 పాటలు, 24 నిమిషాలే. నాలుగేళ్లు కాచుకున్నవాళ్లు గొణగరా మరి!

అసలు పేచీ మాత్రం పాటలో ఏ గాయనికి పాడేందుకు ఎన్ని సెకన్లు దక్కాయన్న లెక్కతోనే. వీడియోలో పెదవుల కదలిక చూసి లెక్కగడితే తప్పుతుంది. పల్లవిలో ఒకే గొంతును రెండు మూడుసార్లు రికార్డు చేసి పేరుస్తారు, పైన ఇంకొకరి ఆలాపన పడుతుంది. అందుకే ఒంటరిగా పాడిన చరణాలు, జంటగా పాడినవి, అందరూ కలిసినవి విడివిడిగా రాసుకోవాలి. కలిసి పాడిన సెకన్లను ఒక్కరి ఖాతాలో వేస్తే లేని అన్యాయం జరిగినట్టు కనిపిస్తుంది.

‘గొంతులు సన్నగా ఉన్నాయి’ అనేముందు ఫోన్ సెట్టింగుల్లో మోనో ఆడియో (కుడి ఎడమల శబ్దాన్ని ఒకటిగా కలిపేది) పెట్టి వినండి. కుడి ఎడమలకు కృత్రిమంగా విస్తరించిన గొంతులు రెండు వైపులూ కలిసినప్పుడు ఒకదాన్నొకటి రద్దు చేసుకుని పలచబడవచ్చు. మోనోలోనే పలచబడితే తప్పు మిక్సింగ్‌ది, గాయనిది కాదు. హోరు కూడా అంతే. స్పాటిఫై మామూలుగా పాటల శబ్దాన్ని మైనస్ 14 లఫ్స్ (చెవికి వినిపించే హోరును కొలిచే ప్రమాణం) దగ్గరకు తెస్తుంది. శబ్దంలోని హెచ్చుతగ్గులను అతిగా నొక్కి బిగ్గరగా చేసిన పాట అక్కడ తగ్గిపోతుంది, నలిగిన డ్రమ్ దెబ్బ మాత్రం తిరిగి రాదు.

– ఒక పాఠకురాలు