మ్యూజియంలో నెలకో ఉపన్యాసం నిలబడాలంటే

సంపాదకులు గారికి నమస్కారం.

మే 18 అంతర్జాతీయ మ్యూజియం దినోత్సవం. చాలా జిల్లాల్లో మ్యూజియంలో చరిత్ర ఉపన్యాసం అంటే ఏడాది మొత్తానికి ఆ ఒక్క రోజే. మన ప్రాంతానికి ఆ తేదీ బొత్తిగా కలిసిరాదు. బళ్లకు సెలవులు, కాలేజీ హాస్టళ్లు ఖాళీ, ఇక బెజవాడ ఎండ సంగతి చెప్పనక్కర్లేదు. పిల్లల కోసం పెట్టిన సభకు పిల్లలే రారు. ఆ రోజు కార్యక్రమం మానమని మేము అనడం లేదు. దానితో సరిపెట్టుకోవద్దంటున్నాం. ప్రతి నెలా రెండో శనివారం సాయంత్రం ఐదున్నరకు, మ్యూజియంలో ఉన్న ఏదో ఒక్క వస్తువు మీద ఒక ఉపన్యాసం పెట్టాలి. రోజు, వేళ మారకూడదు. వక్త ఎవరైనా సరే, ‘ఇవాళ రెండో శనివారం కదా, మ్యూజియానికి వెళ్దాం’ అనుకునే అలవాటు ఊరికి రావాలి.

మనకు ఇది కొత్తేమీ కాదు. రాజరాజనరేంద్రుడి పట్టాభిషేకానికి తొమ్మిది వందల ఏళ్లు నిండాయని 1922లో రాజమండ్రి పండితులు ఉత్సవం చేసి, పెద్ద సంచిక వేశారు. అక్కడి చరిత్ర పరిశోధకుల సంఘం ఆంధ్రేతిహాస పరిశోధక మండలి 1926 నుంచి సొంత పత్రిక నడిపింది. ఆ మండలికి వెన్నెముకగా నిలిచిన రాళ్లబండి సుబ్బారావు గారి పేరే ఇప్పుడు గోదావరి గట్టు మీది ప్రభుత్వ మ్యూజియానికి ఉంది. ప్రొజెక్టరూ మైకూ లేని రోజుల్లో చేసిన పని అది.

విషయాలు ఎక్కడినుంచి వస్తాయంటారా? విజయవాడ బాపు మ్యూజియాన్నే తీసుకోండి. 1887లో విక్టోరియా రాణి స్వర్ణోత్సవం పేరున ఆ భవనానికి పునాదిరాయి వేసింది అప్పటి కృష్ణా కలెక్టరు రాబర్ట్ సూయెల్. విజయనగర సామ్రాజ్య చరిత్ర రాసిన సూయెల్ ఈయనే. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ బెజవాడలో సమావేశమైంది. పింగళి వెంకయ్య గారు గాంధీజీకి జెండా నమూనా ఇచ్చింది ఆ రోజుల్లోనే. తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, కాంగ్రెసుకు కోటి మంది సభ్యులు, దేశమంతటా ఇరవై లక్షల రాట్నాలు అన్న తీర్మానం కూడా ఇక్కడిదే. ‘స్వాతంత్ర్యోద్యమంలో కృష్ణా జిల్లా’ అని శీర్షిక పెడితే రెండు గంటలైనా చాలవు, ఎవరికీ ఏదీ గుర్తుండదు. ‘ఇరవై లక్షల రాట్నాలు ఎవరు చేయాలి?’ అని పెట్టి, బల్ల మీద ఒక రాట్నం ఉంచండి. నూలు వడకడం తెలిసిన పెద్దావిడ ఒకరైనా వస్తారు, ఆవిడ చెప్పేది వక్తకూ తెలిసి ఉండదు. కాలువలకు నీళ్లు వదిలే నెలలో పాత ఆనకట్ట గురించి, దాని చోట 1957లో వచ్చిన ప్రకాశం బ్యారేజీ గురించి పెట్టొచ్చు. చాళుక్య రాజు యుద్ధమల్లుడి బెజవాడ శాసనం మధ్యాక్కరలనే పాత తెలుగు పద్యాల్లో ఉంది. దాన్ని తెర మీద చూపిస్తే చాలదు, ఎవరైనా రాగంతో చదివి వినిపించాలి.

సభలు చెడేది ఎక్కువగా వేదిక దగ్గరే. వేదిక మీద ఏడుగురు, తలా ఏడు నిమిషాలు అనుకుంటే వక్త నోరు విప్పేసరికి నలభై తొమ్మిది నిమిషాలు అయిపోతాయి. ఆపైన శాలువాలు, జ్ఞాపికలు, ఫోటోలు. అప్పటికి చదువుకునే పిల్లలు బస్సులకు వెళ్లిపోతారు. వేదికే వద్దు. నిర్వాహకుడు మూడు నిమిషాల్లో వక్తను పరిచయం చేయాలి. ఉపన్యాసం ముప్పై అయిదు నిమిషాలు, ప్రశ్నలు ఇరవై నిమిషాలు. ఏడు గంటలకల్లా అందరూ బయట ఉండాలి. శాలువా డబ్బు వక్త ప్రయాణానికి, పారితోషికానికి వెళ్లాలి. దూరం నుంచి సొంత ఖర్చులతో వచ్చే పండితుడికి శాలువా కప్పి పంపడం మర్యాద కాదు.

మైకు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. పాత భవనాల్లో పైకప్పు ఎత్తు, గోడలు గట్టి, మాట మారుమోగుతుంది. ఒకే పెద్ద స్పీకరు ముందు పెట్టి శబ్దం పెంచితే వెనక వరుసలకు ప్రతి మాటా రెండుసార్లు వినిపిస్తుంది. హాలు మధ్యలో, రెండు పక్క గోడల దగ్గర, కూర్చున్నవారి చెవుల ఎత్తులో రెండు చిన్న స్పీకర్లు తక్కువ శబ్దంతో పెడితే మాట స్పష్టంగా వస్తుంది. వక్త తెర వైపు తిరగక తప్పదు కాబట్టి స్టాండు మైకు పనికిరాదు, కాలరు మైకు కావాలి. ప్రశ్న అడిగేవారి దగ్గరకు ఒక కుర్రాడు చేతి మైకు తీసుకెళ్లాలి. లేదంటే వక్తే ప్రశ్నను మళ్లీ చెప్పి జవాబివ్వాలి. తెర మీద పదిహేను బొమ్మలకు మించొద్దు. శాసనం ఫోటో పక్కనుంచి వెలుగు పడేలా తీసిందై ఉండాలి. ఎదురుగా ఫ్లాష్ వేసి తీస్తే అక్షరాలు కనిపించవు. కరెంటు పోయే అవకాశం ఎప్పుడూ ఉంటుంది కాబట్టి ముఖ్యమైన నాలుగైదు బొమ్మలు పెద్ద కాగితాల మీద అచ్చు వేయించి వరుసల్లో తిప్పడానికి సిద్ధంగా ఉంచుకోవాలి.

వస్తువుల భద్రత విషయంలో మొహమాటం పనికిరాదు. జ్యోతి ప్రజ్వలన శిల్పాల గదిలోనూ, తాళపత్రాలున్న గదిలోనూ చేయకూడదు. మసి, నూనె, నిప్పు మూడూ ప్రమాదమే. పూలదండలూ తినుబండారాలూ పురుగులను తెస్తాయి, ఆ పురుగులు కాగితాల్లోకీ తాటాకుల్లోకీ చేరతాయి. టీ, బిస్కెట్లు చెట్టు కిందే. ఉపన్యాసం అయ్యాక శిల్పం చూపించేటప్పుడు అరవై మందినీ ఒక్కసారి వదిలితే వెనకవాళ్లకు తలలే కనిపిస్తాయి, ముందువాళ్లు తోపులాటలో రాతి మీద చేతులు ఆనిస్తారు. పదిహేనుమంది చొప్పున పంపాలి. మన బౌద్ధ శిల్పాలది పల్నాటి సున్నపురాయి, మెత్తనిది. చేతి చెమట, నూనె, కుంకుమ దాని మీద మరకలు కడతాయి. దేవుడి బొమ్మ కనబడగానే బొట్టు పెట్టడం మనకు భక్తి. అందుకే కోప్పడకుండా, ఉపన్యాసంలోనే కారణం చెప్పి ఆపాలి. పట్టుకుని చూడటానికి ప్లాస్టరు నమూనాలు ఉంచాలి. శాతవాహనుల సీసపు నాణేలను చేతికి ఇవ్వకూడదు. సీసం మనిషికి మంచిది కాదు. చెక్క బీరువాల నుంచి వచ్చే ఆవిర్లకే ఆ నాణేలు తెల్లపొడి రాలుస్తాయి, ఇక చేతి చెమట కూడా తోడైతే చెప్పేదేముంది.

పిల్లల్ని నిజంగా కట్టిపడేసేది శాసనం నకలు తీయడం. ప్రాచీన శిల మీద మాత్రం వద్దు. పేరు పలకలు చెక్కే పనివారి చేత అడుగున్నర పలక మీద నాలుగు వరుసలు చెక్కించాలి. అక్షరం లోతు మూడు మిల్లీమీటర్లకు మించకూడదు, యంత్రంతో లోతుగా కోసిన అక్షరాల్లో కాగితం చిరుగుతుంది. ముందు రాయిని నీళ్లతో, కుంచెతో కడగాలి. నీటిని పీల్చుకునే మెత్తటి కాగితాన్ని తడిపి రాతి మీద పరచాలి. గట్టి వెంట్రుకల బ్రష్షుతో మధ్య నుంచి అంచులకు కొడుతూ పోతే గాలి బుడగలు పోయి కాగితం అక్షరాల గుంటల్లోకి దిగుతుంది. నీటి మెరుపు పోయి చెమ్మ మాత్రమే మిగిలినప్పుడు సిరా అద్దాలి. దీపపు మసి, తుమ్మజిగురు నీళ్లలో కలిపిన సిరా అది. దూదిని గుడ్డలో మూటకట్టి, సిరాలో ముంచి, ఎక్కువైనది ఒక చెక్క మీద తీసేసి తేలిగ్గా తట్టాలి. తొందరపడి తడి మీదే అద్దితే సిరా గుంటల్లోకి జారి అక్షరం పూడిపోతుంది. ఎక్కువమంది చేసే తప్పు ఇదే. సరిగ్గా వస్తే నల్లటి నేల మీద తెల్లటి అక్షరాలు తేలతాయి. సిరా పైవైపే ఉంటుంది కాబట్టి అక్షరాలు తిరగబడవు, నేరుగా చదువుకోవచ్చు. తర్వాత పిల్లల చేత తమ పేర్లు ప్రాచీన బ్రాహ్మి లిపిలో రాయించాలి. అశోకుడి బ్రాహ్మిలో హ్రస్వ ఎ, ఒ లకు విడిగా గుర్తులు లేవన్న సంగతి ముందే చెప్పకపోతే ‘వెంకట్’ దగ్గరే ఆగిపోతారు. భట్టిప్రోలు బౌద్ధ స్తూపంలో దొరికిన ధాతుపేటికల (అస్థికలు దాచిన పెట్టెల) మీది లిపి అశోక లిపికి ఎక్కడ వేరో చూపడానికి కూడా అదే సమయం.

మూడు నెలలకోసారి ఆదివారం ఉదయం ఇళ్లలోని పాత కాగితాల కోసం ఒక పూట కేటాయించాలి. దానపత్రాలు, తాటాకులు, గ్రామ లెక్కలు, పెళ్లి ఫోటోలు, ఏవైనా సరే. ఒక బల్ల, కిటికీ పక్క వెలుతురు, ఇద్దరు మనుషులు చాలు. యజమాని ఎదుటే, పక్కన స్కేలు పెట్టి, ఫ్లాష్ లేకుండా ఫోటో తీసి, రిజిస్టరులో పేరు, ఊరు, కొలతలు రాసి, వెంటనే తిరిగి ఇచ్చేయాలి. తాటాకుల ఎడమ అంచున తెలుగు అంకెల్లో ఉండే ఆకు సంఖ్య ఫోటోలో పడాలి, లేకపోతే తర్వాత వరుస తేలదు. మ్యూజియం ఏదీ తీసుకోకూడదు, ఏ వస్తువుకూ ధర చెప్పకూడదు. ధర చెప్పిన మరునాడే బేరగాళ్లు ఆ ఇంటి తలుపు తడతారు. పాత దస్తావేజులను లామినేషన్ చేయించవద్దని, సెల్లోటేపు అంటించవద్దని వచ్చిన ప్రతివారికీ చెప్పాలి. ఆ జిగురు మళ్లీ ఊడదు.

ప్రభుత్వం లాక్కుంటుందన్న భయంతోనే చాలామంది రారు. అందుకని చట్టం ఏమంటుందో గోడ మీద తెలుగులో రాసి పెట్టాలి. 1972 నాటి పురావస్తువుల, కళాసంపదల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన వస్తువులు, డెబ్బై అయిదేళ్లు దాటిన విలువైన రాతప్రతులు పురావస్తువుల కిందికి వస్తాయి. శిల్పాలు, బొమ్మలున్న రాతప్రతుల వంటి కొన్నింటిని నమోదు చేయించాలి. దేశం దాటించకూడదు. తాతల నాటి తాళపత్రం ఇంట్లో ఉండటం నేరం కాదు. పొలంలో దొరికిన నిక్షేపం సంగతి వేరు. పది రూపాయలకు మించిన విలువ ఉంటే కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి నిక్షేపాల చట్టమే చెబుతోంది.

వీటన్నిటికీ మ్యూజియంలు నడిపే పురావస్తు శాఖ నుంచి కావలసినవి రెండే. నెలకొక సాయంత్రం ఏడున్నర దాకా హాలు తెరిచి ఉంచేందుకు, ఆ పూట ఆగిన సిబ్బందికి మరో పూట సెలవిచ్చేందుకు రాతపూర్వకమైన ఉత్తర్వు. కుర్చీలు, మైకు, వక్త ప్రయాణం కోసం ఏటా ముందుగానే విడుదలయ్యే చిన్న మొత్తం. ప్రతి సభకూ విడిగా ఫైలు కదిలితే మూడో నెలకే ఆగిపోతుంది. నవంబరు 19 నుంచి 25 వరకు వచ్చే ప్రపంచ వారసత్వ వారోత్సవాలతో మొదలుపెడితే బళ్లు నడుస్తుంటాయి, ఎండ ఉండదు. తరచూ కార్తికం కూడా కలిసి వస్తుంది కాబట్టి ఉండవల్లి గుహల నడకకు అంతకంటే మంచి రోజులు లేవు.

మీ పత్రిక నుంచీ ఒక సాయం కోరుతున్నాం. ‘నగరంలో నేడు’ శీర్షికలో వేళ, చోటుతో పాటు ఏ వస్తువు మీద ఉపన్యాసమో కూడా వేయించండి. మరునాటి వార్తలో హాజరైనవారి పేర్ల జాబితా బదులు ఆ వస్తువు గురించి వక్త చెప్పిన సంగతులు ఓ నాలుగు వాక్యాలు రాయమని మీ విలేఖరులకు చెప్పండి.

భవదీయులు,
చరిత్ర ఉపన్యాసాల నిర్వాహకులు కొందరు,
విజయవాడ.