గోడకీ మిషన్‌కీ మధ్య ఓ చిన్న స్విచ్

ఒరేయ్ శీనూ,

ఆలస్యానికి క్షమించరా. నీ ఉత్తరాలు బల్ల మీదే ఉన్నాయి. రాద్దామని కూర్చున్నప్పుడల్లా ల్యాబ్ నుంచి పిలుపు వస్తోంది. ఇంట్లో అందరూ కులాసా. నాన్న మోకాలి నొప్పి తగ్గింది, చిన్నదానికి పరీక్షలు నడుస్తున్నాయి. ఇక అసలు సంగతి విను, ఎవరికో ఒకరికి చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

మా ల్యాబ్ మిషన్లన్నిటికీ నెట్‌వర్క్ మీద నుంచే ఇమేజ్ ఎక్కించే సర్వర్ కట్టాను రా! ఒక్క మిషన్‌ని బాగా సిద్ధం చేసి దాని డిస్కు కాపీ తీసి పెట్టుకుంటే చాలు, మిగతావన్నీ నెట్‌వర్క్ నుంచి బూటయి ఆ కాపీని దించుకుంటాయి. పెన్‌డ్రైవ్‌తో వరసంతా తిరగడం పోయింది. దీనికి ఫాగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వాడాను. ఇదే పని చేసే క్లోన్‌జిల్లా కూడా గట్టిదే. కానీ ఏ మిషన్‌కి ఏ ఇమేజో బ్రౌజర్లోనే చెప్పేసే వీలు ఫాగ్‌లో ఉంది, నా తర్వాత వచ్చేవాళ్ళకి అదే సుఖం.

సెంటాస్ లినక్స్ మీద నీ ప్రేమ నాకు తెలుసు, సర్వర్‌కి అది వెయ్యలేదని కోప్పడకు. దాని 8 వెర్షన్‌కి అప్‌డేట్లు 2021 చివర్లోనే ఆగాయి, 7కి కూడా 2024 జూన్‌తో అయిపోయాయి. ఏళ్ళ తరబడి కదపకుండా ఉంచాల్సిన పెట్టె కదా, అందుకే ఇంకో లినక్స్, డెబియన్ 12 వేశాను, డెస్క్‌టాప్ లేకుండా. ఇక్కడ అందరూ పెద్ద ప్రాసెసర్ కావాలని పట్టుబట్టారు. అక్కర్లేదురా! ఇమేజ్‌ని కుదించేదీ విప్పేదీ క్లయింట్ మిషనే, సర్వర్ పని ఫైళ్ళు అందించడమే. గిగాబిట్ తీగలో సెకనుకి 110 మెగాబైట్ల దాకా పోతుంది, ఆ తీగని నింపగల డిస్కు ఉంటే చాలు. అందుకని డబ్బంతా ఎస్‌ఎస్‌డీకీ నెట్‌వర్క్ కార్డుకీ పెట్టించాను. ఇమేజ్‌లకి విడిగా పార్టిషన్ ఇచ్చాను, అది నిండినా సిస్టమ్ నిలబడాలి కదా.

మిషన్లకి అడ్రసులు పంచే డీహెచ్‌సీపీ సర్వర్‌ని ముట్టుకోవద్దన్నారు పైవాళ్ళు. ఒకే నెట్‌వర్క్‌లో ఇద్దరు అడ్రసులు పంచితే గందరగోళమే, మళ్ళీ మన ఇద్దరు పెళ్ళికొడుకుల కథ అవుతుందేమో అనుకున్నా, గుర్తుందా? అందుకే డీఎన్ఎస్‌మాస్క్ అనే చిన్న ప్రోగ్రాంని దాని పక్కన సహాయకుడిలా, ప్రాక్సీగా పెట్టాను. ఐపీ అడ్రసు పాత సర్వరే ఇస్తుంది, బూట్ ఫైలు ఎక్కడుందో మాత్రం మనది చెబుతుంది. మిషన్ తాను ఏ రకమో అడ్రసు అడిగేటప్పుడే ఆప్షన్ 93 అనే గడిలో చెప్పుకుంటుంది కాబట్టి పాత పద్ధతిలో, అంటే బయాస్‌తో లేచే వాటికి ఒక ఫైలు, కొత్త పద్ధతి యూఈఎఫ్ఐ వాటికి ఇంకొకటి వెళ్తాయి. సంతకం లేని బూట్ ఫైళ్ళని అడ్డుకునే సెక్యూర్ బూట్ ఆపాల్సి వచ్చింది, దాని గురించి ఇంకా... సరే, అది తర్వాత.

మొదటి గదిలో అన్నీ చక్కగా లేచాయి. రెండో గదిలో ఒక్కటీ లేవలేదు! అదే మోడల్, అదే సర్వర్. మిషన్‌కి అడ్రసు వస్తుంది, టీఎఫ్‌టీపీ అనే పద్ధతిలో బూట్ ఫైలు దిగుతుంది, అందులోని ఐపీఎక్స్ఈ అనే చిన్న బూట్ ప్రోగ్రాం మొదలవుతుంది, అది మళ్ళీ అడ్రసు అడుగుతుంది... అంతే, చుక్కలు చుక్కలు, చివరికి ఎర్రర్. ఫైర్‌వాల్ చూశాను, బూట్ ఫైళ్ళు మార్చి చూశాను. సర్వర్లో టీసీపీడంప్ పెట్టి, నెట్‌వర్క్ మీద వచ్చేపోయేవన్నీ చూస్తూ కూర్చుంటే తేలిందేమిటంటే, ఆ రెండో ప్రశ్న అసలు సర్వర్ దాకా రావడమే లేదు!

అప్పుడు నీ మాట మెదిలింది రా, "ముందు తీగ చూడు, తర్వాత తెలివి చూపించు". మూల పడి ఉన్న మామూలు చిన్న స్విచ్, ఏ సెట్టింగులూ లేనిది, తెచ్చి గోడ పోర్టుకీ మిషన్‌కీ మధ్య పెట్టాను. బూటయింది! పక్కదానికి పెట్టాను, అదీ లేచింది. గట్టిగా అరిచేశాను.

సంగతేమిటంటే, ఐపీఎక్స్ఈ మొదలవగానే నెట్‌వర్క్ కార్డుని రీసెట్ చేస్తుంది, లింకు ఒక్క క్షణం పడి లేస్తుంది. ఆ గది పెద్ద స్విచ్‌లో స్పానింగ్ ట్రీ ఉంది, తీగలు చుట్టు తిరిగి లూపు పడకుండా కాసే ఏర్పాటు అది. లింకు కొత్తగా లేచిందంటే లూపు ఉందేమోనని వినడానికి 15 సెకన్లు, నేర్చుకోవడానికి 15 సెకన్లు ఆ పోర్టుని ఆపేస్తుంది. ఈలోపే ఐపీఎక్స్ఈ అడిగి అడిగి ఊరుకుంటోంది. మధ్యలో చిన్న స్విచ్ ఉంటే పెద్దదాని వైపు లింకు పడదు, అందుకే పని జరిగింది. మిషన్లున్న పోర్టులన్నిటికీ ఈ నిరీక్షణ లేకుండా వెంటనే తెరిచే పోర్ట్‌ఫాస్ట్ సెట్టింగు పెట్టించాం, చిన్న స్విచ్ తీసేశాం. గదంతా ఒక్కసారిగా లేచింది. ఆ తెరలన్నీ వరసగా నీలం రంగులోకి మారుతుంటే నువ్వు పక్కన లేవని నిజంగా బాధేసింది.

నీ దగ్గరా ఇలాంటిది కడితే రెండు సంగతులు గుర్తుంచుకో. విండోస్ ఇమేజ్ తీసే ముందు, మిషన్‌ని సగమే ఆపే ఫాస్ట్ స్టార్టప్‌ని తీసేసి పూర్తిగా షట్‌డౌన్ చెయ్యి, డిస్కుకి తాళం వేసే బిట్‌లాకర్ తీసెయ్యి. ఇంకోటి, తీస్తున్న ఇమేజ్ ముందు డెవ్ అనే ఫోల్డర్లో పడి, పూర్తయ్యాకే అసలు చోటికి మారుతుంది, కాబట్టి మధ్యలో ఆగినా పాత ఇమేజ్ భద్రంగా ఉంటుంది. ఎంత మంచి ఆలోచనో చూడు!

ఇప్పుడు మల్టీకాస్ట్ మీద పడ్డాను. ఒక్కసారి పంపితే గదంతా అందుకోవాలి. ఆ ప్రసారం ఎవరికి కావాలో స్విచ్ కనిపెట్టే ఐజీఎంపీ స్నూపింగ్ దగ్గర స్విచ్ ఏదో... అయ్యో, కింద నుంచి పిలుస్తున్నారు, బ్యాచ్ వచ్చేసింది. పరిగెత్తాలి. జవాబు రాయి, ఆలస్యం చేశావో చూడు.

నీ
రాజు