కథకు రెండు తేదీలు ఉంటాయి

సంపాదకులకు నమస్కారం.

దసరా సెలవులకు ముందు వచ్చిన ఆదివారం మీ పిల్లల పేజీలో ఒకదానికొకటి ముడిపడిన మార్వెల్ సూపర్‌హీరో సినిమాల పట్టిక వేశారు. ఏ కథ ముందు జరిగిందో ఆ వరుసలో పేర్లు పెట్టి, అట్లనే చూడమని రాశారు. మా బిడ్డ కొడుకు ఏడో తరగతి. సెలవులకు కల్వకుర్తి వస్తూ ఆ పేజీ కత్తిరించి వెంట తెచ్చుకున్నాడు. టీవీ పక్కన గోడకు అంటించి, చూసిన పేరు మీద టిక్కు పెట్టుకుంటూ పోయాడు. నేనూ పక్కన కూర్చున్నాను. మా పెద్ద మనవరాలితో కలిసి 2012 నుంచి, విడుదలైనవి విడుదలైనట్టే చూస్తున్నవాణ్ని, నాకు ఈ కథలు కొత్త కాదు.

మీ పట్టికలో సివిల్ వార్ సినిమా వెంటనే బ్లాక్ విడో సినిమా ఉంది. కథ 2016లో, సివిల్ వార్ ముగిసిన వెంటనే జరుగుతుంది కాబట్టి లెక్క తప్పు కాదు. కానీ ఆ సినిమా విడుదలైంది 2021లో. తెర మీద పేర్లన్నీ పడ్డాక ఒక చిన్న సీను ఉంటుంది. అందులో ఆ సినిమా నాయిక నటాషా సమాధి కనిపిస్తుంది. ఆమె చనిపోయేది 2019లో వచ్చిన ఎండ్‌గేమ్‌లో. మావాడు ఇంకా అక్కడి దాకా రాలేదు. "తాతా, నటాషా చచ్చిపోతదా?" అని అడిగాడు. నాకు జవాబు దొరకలేదు. ఆ రాత్రి వాడు ఇంకో సినిమా పెట్టలేదు.

పేజర్ సంగతీ అంతే. 2018లో ఇన్ఫినిటీ వార్ చివర గూఢచారుల పెద్ద ఫ్యూరీ చేతిలో నుంచి పేజర్ (కబురు పంపే చిన్న యంత్రం) జారి పడి, దాని మీద ఒక గుర్తు వెలిగింది. అది ఎవరిదని మా మనవరాలు దాదాపు ఏడాది ఎదురుచూసింది. ఆ గుర్తు క్యాప్టెన్ మార్వెల్‌ది. ఆమె సినిమా 2019లో వచ్చింది, కథ మాత్రం 1995 నాటిది. మీ పట్టికలో అది రెండో పేరు. మనవడికి ఆ ఎదురుచూపే లేకుండా పోయింది.

నేను ముప్పై ఏళ్లకు పైగా దస్తావేజులు రాస్తున్నాను. ప్రతి కాగితానికీ రెండు తేదీలు ఉంటాయి, రాసుకున్నది ఒకటి, రిజిస్టరైనది ఒకటి. మార్చిలో సంతకాలు పెట్టుకుని మేలో రిజిస్టర్ చేయించుకునేవాళ్లు ఉంటారు. హక్కు రాసుకున్న తేదీ నుంచే లెక్క. అయినా లింకు డాక్యుమెంట్లు (ఆ ఆస్తి పాత దస్తావేజులు) చూసేటప్పుడు రెండో తేదీని వదిలిపెట్టం, ఆ బేరం సంగతి లోకానికి తెలిసేది ఆ రోజు నుంచే కాబట్టి. కథకూ జరిగిన ఏడు ఒకటి, మనకు చెప్పిన ఏడు ఒకటి. ఏ గుట్టు ఎప్పుడు విప్పాలో కథ చెప్పేవాడు రెండోదాన్ని బట్టే పెట్టుకుంటాడు.

మన బాహుబలినే చూడండి. 2015లో మొదటి భాగం ఒక ప్రశ్న దగ్గర ఆగింది. ఆ ప్రశ్నతో రెండేళ్లు ఊరూరా మాట్లాడుకున్నాం. 2017 నాటి రెండో భాగంలో చాలా కథ మొదటి భాగంలోని శివుడు పుట్టకముందు జరిగింది. జరిగిన వరుసలో చూపిస్తే కట్టప్ప ఎందుకు చంపాడనే ప్రశ్నే పుట్టదు.

రెండు ఏళ్లూ పక్కపక్కన ఉంటే తప్పులు కూడా బయటపడతాయి. 2017 నాటి స్పైడర్‌మ్యాన్ హోమ్‌కమింగ్, అవెంజర్స్ సినిమాలోని న్యూయార్క్ యుద్ధం తర్వాత మొదలై, "ఎనిమిదేళ్ల తర్వాత" అని తెర మీద వేస్తుంది. ఆ యుద్ధం 2012లో జరిగింది. ఎనిమిది కలిపితే 2020. కానీ స్పైడర్‌మ్యాన్ అయిన పీటర్ 2018లో విలన్ థానోస్ చిటికెతో మాయమై, అయిదేళ్లకు గానీ తిరిగి రాలేదు. 2020లో బడికి ఎట్ల పోతాడు? సివిల్ వార్ అయిన కొద్ది నెలలకే జరిగే కథ కాబట్టి అక్కడ నాలుగేళ్లు అని ఉండాలి. మా దగ్గర ఇట్లాంటిది దొరికితే రెక్టిఫికేషన్ డీడ్ (తప్పు దిద్దే దస్తావేజు) రాస్తాం. మీ పట్టికలో ఈ పేరు సరైన చోటే ఉంది, తెర మీది అంకె తప్పని ఒక్క మాట రాసి ఉంటే మావాడు నోటుబుక్కులో అరగంట కుస్తీ పట్టేవాడు కాదు.

కామిక్స్‌కూ ఇదే వరుస అన్నారు. అది కుదరదు. 1963 కామిక్‌లో ఐరన్ మ్యాన్ అయ్యే టోనీ స్టార్క్ గాయపడింది వియత్నాంలో, 2008 సినిమాలో అఫ్గానిస్థాన్‌లో. 1962లో పదిహేనేళ్లున్న పీటర్‌కు లెక్క ప్రకారం ఇప్పుడు డెబ్బై దాటాలి. అక్కడ పాత్రలకు వయసు పెరగకుండా కాలాన్నే ముందుకు జరుపుతూ ఉంటారు.

నన్ను ఎక్కువ బాధపెట్టింది కింద వేసిన చిన్న బాక్సు. స్టార్ వార్స్ అనే అంతరిక్ష సినిమాల మీద వచ్చిన పాత నవలలు "నకిలీ కథలు, చదవనక్కర్లేదు" అని రాశారు. 2014లో ఆ సినిమాలు తీసే లూకాస్‌ఫిల్మ్ కంపెనీ వాటిని లెజెండ్స్ అనే పేరుతో పక్కన పెట్టిన మాట నిజం. తర్వాతి సినిమాలు వాటికి కట్టుబడవని దాని అర్థం, అవి నకిలీవని కాదు. 1991 నవలలో పుట్టిన థ్రాన్ అనే సేనాపతిని 2016లో వాళ్లే రెబెల్స్ సీరియల్‌లోకి తెచ్చుకున్నారు. శశిరేఖ పెళ్లి వ్యాస భారతంలో లేదు. అయినా అభిమన్యుడు అనగానే మన ఇళ్లల్లో శశిరేఖే గుర్తుకొస్తుంది. ఆమె కథను పిల్లలకు నకిలీ అని చెబుతామా? "మూలంలో లేదు" అని రాస్తే సరిపోయేది.

ఇకనుంచి ఇట్లాంటి పట్టిక వేసినప్పుడు విడుదల వరుసలో పేర్లు పెట్టి, పక్కన కథ జరిగిన ఏడు వేయండి. ఒకసారి చూసినవాళ్లు రెండోసారి ఎట్ల కావాలంటే అట్ల చూసుకుంటారు. 2008 ఐరన్ మ్యాన్ నుంచి 2019 ఫార్ ఫ్రమ్ హోమ్ దాకా వచ్చిన 23 సినిమాలకు రెండు ఏళ్లూ రాసి, రెండు కాగితాలు ఈ ఉత్తరానికి జత చేస్తున్నాను. కథ జరిగిన ఏడు సినిమాలో చెప్పని చోట పెన్సిల్‌తో రాశాను, మీవాళ్లు సరిచూసుకుని వేయగలరు.

ఇట్లు,
ఒక దస్తావేజు లేఖరి,
కల్వకుర్తి, నాగర్‌కర్నూల్ జిల్లా